వింకా గొంతుకు సరిపడా

స్తమాతిస్ డ్రిల్లు ఆపేశాడు. ఆ సంగతి చెవికంటే ముందు అరికాళ్ళకు తెలిసింది. ఇళ్ళన్నీ రాయి తొలిచి చేసుకున్న ఈ ఇసుకరాతి కొండలో పక్కింటివాడు గోడ తొలిస్తే ఆ వణుకు మా నేలలోంచి, మంచం కోళ్ళలోంచి, కప్పులోని కాఫీలోంచి పలుకుతుంది. ఇప్పుడు కాఫీ అద్దంలా నిలిచింది. మధ్యాహ్నం రెండయింది, మూడింటికి మళ్ళీ మొదలుపెడతాడు, ఉన్నది ఒక్క గంట, గంట అనుకోగానే అందులో కొంత జారిపోయింది. తొమ్మిదేళ్ళుగా వంటిల్లు పెంచుకుంటున్నానంటాడు. ఊరి మధ్య ఓపల్ అనే విలువైన రాయి కోసం తవ్వకూడదు, ఇల్లు పెంచుకోవచ్చు, ఒంటరి గ్రీకువాడికి అంత వంటిల్లు ఎందుకని ఈ గనుల ఊరు కూబర్ పీడీలో ఎవరూ అడగరు, అడిగితే తమ వంటిళ్ళ సంగతి కూడా బయటికొస్తుంది. నిన్న సాయంత్రం వెళ్ళి ఒక్క గంట ఆపమని అడిగితే కళ్ళజోడు మీద దుమ్ము తుడుచుకుంటూ, "పాట కోసమా? ఒరేయ్ ఫ్రానే, ఇక్కడ నేను రాయి కోసం, అంటే పొయ్యి గట్టు కోసం, ఇంత కష్టపడుతుంటే నీకు పాట కావలసి వచ్చిందా?" అన్నాడు. రికార్డు చెయ్యాల్సిన పాట వింకాదని చెప్పాను. డ్రిల్లు గోడకు ఆనించి, "రెండు నుంచి మూడు. భోంచేసి పడుకుంటాను. దేవుడిచ్చిన నిద్ర కాబట్టి నీ దగ్గర ఏమీ పుచ్చుకోను" అన్నాడు.

ఫ్రిజ్ ఆపాను, కారు తాళంచెవులు అందులోనే పెట్టాను, ఎందుకంటే కారు తియ్యాలంటే ఫ్రిజ్ తెరవాలి, తెరిస్తే మళ్ళీ వెయ్యాలని గుర్తొస్తుంది, పోయినసారి గుర్తురాక వారానికి సరిపడా చేపలు పాడయ్యాయి. గోడ గడియారం దుప్పట్లో చుట్టి స్నానాల గదిలో పెట్టాను. గాలి గొట్టం పైన గాలి ఊదితే సీసా మూతి మీద ఊదినట్టు మూలుగుతుంది, దానికి కింద నుంచి దిండు కుక్కాను. కుళాయి చుక్క చుక్కకూ చప్పుడు చేస్తోందని దాని మూతికి నూలుదారం కట్టి తొట్టిలోకి వదిలాను, చుక్క దారం వెంట నడిచి నిశ్శబ్దంగా దిగిపోతోంది, ఎంత బుద్ధిమంతురాలు నీటి చుక్క, దారి చూపిస్తే చాలు. ఇవన్నీ చేశాక మిగిలినవి మూడే: రాయి, నేను, సామాను గదిలో టోన్కా పీట మీద కూర్చున్న వింకా.

నా భార్య టోన్కా గదే అది. ఆమె పోయి ఆరేళ్ళు. పెళ్ళయిన రెండో ఏడు తనే గునపం పట్టి ఆ గది తొలిచింది, అరలు కూడా రాతిలోనే చెక్కింది, ఏ అరా ఇంకో అరతో సమానంగా ఉండదు, ఒకటి లోతు, ఒకటి వంకర, నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఆ వంకర అరలే నాకు మేలు చేశాయి. నున్నటి గదిలో గొంతు గోడకు కొట్టుకుని తిరిగొచ్చి మైకులో పడుతుంది, ఇక్కడ వంకరల్లో చిక్కుకుని చల్లారిపోతుంది. జాడీలే తిప్పలు పెట్టాయి, ఒక స్వరం దగ్గర అవీ సన్నగా పాడతాయి, ఏది పాడుతోందో తెలియక నాలుగు రోజులు తల పట్టుకున్నాను, చివరికి ఒక్కొక్క దాని ముందూ నోరు పెట్టి అదే స్వరం పలికాను, బయటి నుంచి ఎవరైనా చూసుంటే నన్ను అడిలైడ్ ఆస్పత్రికి పంపేవాళ్ళు. తేలిందేమిటంటే ఖాళీ జాడీలే పాడతాయి, అత్తిపళ్ళ మురబ్బా ఉన్నవి నోరు మూసుకుని కూర్చుంటాయి. ఖాళీవి బయట పెట్టాను. నిండినవి ఆరున్నాయి, ఆరేళ్ళనాటివి, టోన్కా చేత్తో మూత బిగించినవి, అవి అక్కడే ఉన్నాయి, ఉండనీ.

హెడ్‌ఫోన్లలో వింకా గుటక వినిపించింది. మోకాలు సర్దుకుంది, గౌను రాతికి రాసుకుంది, తర్వాత ఏమీ లేదు. ఏమీ లేకపోవడం అంటే ఏమిటో ఈ ఊరివాళ్ళకే బాగా తెలుసు. ముప్పై అడుగుల రాయి కింద పడుకునేవాడికి నిశ్శబ్దం దుప్పటి లాంటిది. అంత నిశ్శబ్దం ఉన్నచోట యంత్రం తన గుట్టు దాచుకోలేదు. పట్నంలో అయితే ట్రాఫిక్ మాటున దాక్కునే బుస ఇక్కడ పాములా పడగెత్తుతుంది. మేజా మీద ఇటుకంత పెట్టె, దాని మీద ఒక్కటే నాబ్, గెయిన్ అని రాసి ఉంటుంది, దాని మీది తెల్లగీత గడియారం ముల్లులా ఏడు దగ్గర మొదలై పన్నెండు మీదుగా అయిదు దాకా తిరుగుతుంది. మైకు పుట్టించే కరెంటు చీమ అడుగంత, దాన్ని మనిషి అడుగంత చేసేది ఈ నాబే. తక్కువ తిప్పితే గొంతు అడుగున పడిపోతుంది, తర్వాత కంప్యూటర్లో పైకి లాగితే గొంతుతో పాటు అడుగునున్న బురద కూడా, అంటే యంత్రం సొంత బుస కూడా, పైకొస్తుంది. ఎక్కువ తిప్పితే పెద్ద స్వరం దగ్గర ఎర్రదీపం వెలిగి గొంతు చిట్లుతుంది, చిట్లిందంటే దేవుడు కూడా అతకలేడు. మా దల్మేషియాలో, స్ప్లిట్ కాలేజీలో నాలుగేళ్ళు విద్యుత్తు చదువుకున్నవాణ్ణి, ఇది నాకు తెలుసు, తెలిసి కూడా మార్చి నెలలో ఆ తెల్లగీతను ఎనిమిది గంటల దగ్గర పెట్టాను.

ఎనిమిది. పూర్తిగా కట్టేసిన చోటికి వెంట్రుకవాసి పైన. ఎందుకు పెట్టానో ఇప్పుడు తెలుసు, అప్పుడు జాగ్రత్త అనుకున్నాను. గనిలో పేలుడు మందు పెట్టేటప్పుడు ఫ్యూజు, అంటే వత్తి, పొడుగ్గా కోసినవాడే సాయంత్రం బీరు తాగుతాడు, ముప్పైయేళ్ళు నేను పొడుగ్గానే కోశాను, ఒక్కసారి పొట్టిగా కోశాను, ఎడమచెవి పోయింది. చెయ్యికి ఆ అలవాటు. దానికి తోడు కళ్ళ ముందు వేరే వింకా ఉంది, మావాళ్ళ క్లబ్బులో ముప్పైయేళ్ళ వయసు వింకా, చేతిలో గరిటెతో వంటింట్లోంచి వచ్చి అందరి గొంతులూ తోసుకుంటూ పై స్వరం అందుకుంటే అద్దాల బీరువాలో గ్లాసులు గలగలమనేవి, స్తమాతిస్ మేజా కిందకి దూరి "కప్పు కూలుతోంది, పరిగెత్తండి" అని అరిచేవాడు. ఆ వింకాకు నేను ఎనిమిది పెట్టాను. మైకు ముందు కూర్చున్నది ఆ వింకా కాదు. అంతకుముందు చలికాలంలో మెడ కోసి థైరాయిడ్ తీశారు, ఏదో నరం కమిలింది, ఆరు నెలలు ఆమె దగ్గర గాలి తప్ప గొంతు లేదు, ఫోన్ తీస్తే జనం ఎవరూ లేరనుకుని పెట్టేసేవాళ్ళు. తర్వాత గొంతు కొంచెం కొంచెంగా వచ్చింది, పాతది తలుపు తోసుకుని వచ్చేది, ఇది తలుపు తట్టి గుమ్మంలో నిలబడుతుంది. గుమ్మంలో నిలబడ్డదాన్ని నేను వీధిలోనే ఉంచేశాను, మూరెడు దూరంలో మైకు, ఎనిమిది దగ్గర గీత.

మా దల్మేషియా సంఘానికి యాభైయేళ్ళు. పాతకాలపు పాటగత్తెలు ఎవరున్న ఊళ్ళో వాళ్ళు ఒక్కొక్క పాట పాడి పంపితే అడిలైడ్‌లో డానిత్సా అన్నీ కలిపి డిస్కు చేస్తుంది. వింకా పాట వింకాదే, దాన్ని క్లబ్బుకి తెచ్చిందే ఆమె, వాళ్ళమ్మ నుంచి, విస్ ద్వీపం నుంచి. పంపాం. వారానికి డానిత్సా నాకు ఫోన్ చేసింది. నా ఎడమచెవికి వినపడదని నేనెప్పుడూ ఫోన్ స్పీకర్ మీదే పెడతాను, ఆ రోజూ పెట్టాను, పొయ్యి దగ్గర వింకా కాఫీ కలుపుతోంది. "ఫ్రానే మామా, ఏమీ అనుకోకు, గొంతు కంటే బుసే ఎక్కువగా ఉంది. పాపం ఆమెకు గొంతు పోయినట్టుంది కదా, మళ్ళీ పాడమని శ్రమపెట్టొద్దు, ఆ పాట నేను మా పిన్నికి ఇస్తాను." నేను ఫోన్ మీద చెయ్యి వేశాను, చేత్తో మాటను మూయగలనన్నట్టు. వింకా కప్పు నా ముందు పెట్టి, "చల్లారిపోతుంది, తాగు కూమె" అంది, అంతే. ఆ తర్వాత పాడలేదు. ఆదివారం చర్చిలో కూడా పెదవులు కదిపిందే తప్ప పాడలేదు, పక్కనే నిలబడి నా కుడిచెవితో విన్నాను కదా, అక్కడ ఖాళీ.

కూమె, కూమా. మా పెళ్ళికి సాక్షిగా నిలబడింది టోన్కా స్నేహితురాలు వింకా, నిలబడ్డ క్షణం నుంచి మేమిద్దరం ఒకరికొకరు అదే పిలుపు, ఆమెకు నేను కూమె, నాకు ఆమె కూమా, రక్తసంబంధం తెగినా ఇది తెగదంటారు మావాళ్ళు. టోన్కా ఆఖరి వేసవిలో మాటలు మరీ సన్నబడిపోయాయి, నేను మంచానికి అటువైపు కుర్చీలోంచి "గట్టిగా చెప్పు, వినబడటం లేదు" అనేవాణ్ణి, ఎన్ని రోజులన్నానో, ఒకరోజు వింకా వచ్చి ఏమీ మాట్లాడకుండా నేను కూర్చున్న కుర్చీని నాతో సహా జరిపి దిండు పక్కన పెట్టింది. ఆ తర్వాత ప్రతి మాటా వినపడింది. మురబ్బాలో నిమ్మ తక్కువైందని కూడా వినపడింది. దగ్గరికి జరగడం ఎంత తేలికైన పని, దాన్ని ఒకళ్ళు చెయ్యి పట్టి నేర్పించాక కూడా మైకు దగ్గర మర్చిపోయాను.

మూడు వారాల కిందట తెలిసింది. ఏమీ పాడకుండా, ఎవరూ లేకుండా, ఉత్త నిశ్శబ్దాన్నే రికార్డు చేశాను, గీత ఎనిమిది దగ్గర, పది దగ్గర, పన్నెండు, రెండు, నాలుగు. గని కప్పు మీద కర్రతో కొట్టి వినేవాళ్ళం, గట్టి రాయి గంటలా పలుకుతుంది, విడిపోయిన రాయి బోలుగా పలుకుతుంది, ఆ చెవితోనే విన్నాను. ఎనిమిది దగ్గర తీసి తర్వాత పెంచిన నిశ్శబ్దంలో వేపుడు మూకుడులా బుస. రెండు దగ్గర మొదటే పెంచి తీసిన దానిలో, అంతే గట్టిగా విన్నా, దూరాన ఎక్కడో ఇసుక రాలినట్టు, అంతే. నాలుగు దగ్గర మళ్ళీ ఇంకేదో గరగర. బుస ఆమెది కాదు. ఆ బుస నా భయానిది. నా భయాన్ని నేను ఆమె గొంతు మీద పెట్టి అడిలైడ్ పంపాను, వాళ్ళు దాన్ని విని ఆమెకు గొంతు లేదన్నారు, ఆమె నమ్మింది.

చెప్పడానికి మూడు వారాలు పట్టింది, ఎందుకు పట్టిందో నన్నడగొద్దు. డానిత్సా ఈ సాయంత్రంతో డిస్కు మూసేస్తానన్న కబురు వచ్చాక నిన్న పొద్దున వింకా లాండ్రీకి వెళ్ళాను. మోటెల్ దుప్పట్లు మడతపెడుతోంది. చెప్పాను, ఎనిమిదీ, రెండూ, ఫ్యూజూ, అంతా. ఆమె దుప్పటి అంచులు కలిపి, సగం చేసి, మళ్ళీ సగం చేసి, "మగవాడు తప్పు ఒప్పుకున్నాడు. ఇవాళ తేదీ ఎంత? గోడ మీద రాసి పెట్టాలి" అంది. "రేపు రెండింటికి రా కూమా" అన్నాను. "ఈసారీ గొంతు లేకపోతే?" అని దుప్పటితోనే అంది. లేకపోతే అప్పుడు తప్పు మోపడానికి నా నాబ్ కూడా ఉండదు, ఆమెకు మిగిలేది నిజం ఒక్కటే, అది ఆమెకు తెలుసు, తెలిసే వచ్చింది.

మైకుని జానెడు దూరానికి తెచ్చాను. నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకి, ఊపిరి తగలకుండా. "ఒకసారి పాడి చూపించు, పాటలో అన్నిటికంటే గట్టిగా ఉండే చోటు" అంటే ఆమె ముక్కుతో పాడింది. ఏ పాటగత్తైనా అంతే, పరీక్షకు పావు గొంతు పెడుతుంది, అసలుకు మొత్తం పెడుతుంది, ఆ పావుని నమ్మి నాబ్ తిప్పినవాడు మునుగుతాడు. "అలా కాదు, గట్టిగా." "పాడేటప్పుడు పాడతాను." రెండుంపావు. ఏం చెయ్యాలో తోచక నాబ్ మీద వేలు పెట్టి కూర్చున్నాను, అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడు, స్తమాతిస్, చంకలో దిండు.

"నిద్ర పట్టడం లేదురా. ఇంత నిశ్శబ్దంగా ఉంటే ఎవడికి పడుతుంది?"

సామాను గదిలోంచి వింకా లేచింది, హెడ్‌ఫోన్లలో పీట కిర్రుమంది. "సిగ్గు లేదూ నీకు! తొమ్మిదేళ్ళు ఈ కొండని ఎలకలా కొరికి మా నిద్రలు పాడుచేశావు, ఒక్క గంట, ఒక్క గంట నోరూ చెయ్యీ మూసుకుని పడుండలేవా, ముసలి గాడిదా!"

పెట్టె మీది దీపం పచ్చ దాటి పసుపులోకి ఎగిరింది. గొంతు గరగరలాడింది, కానీ ఎగిరింది, ఆ గదిలోంచి ఎగిరింది, నేను ఊపిరి బిగపట్టి గీతను ఒంటిగంట నుంచి జరుపుతూ వెళ్ళాను, ఆమె ఇంకా తిడుతూనే ఉంది, దిండు గురించి, గ్రీకుల గురించి, అతని వంటింట్లో ఇంతవరకూ ఒక్క గుడ్డు కూడా ఉడకలేదన్న దాని గురించి, పసుపు, పసుపు, ఎరుపుకి ఇంకా చోటుంది, రెండు. రెండు దగ్గర ఆగాను. స్తమాతిస్ నా ముఖం చూశాడు, వాడు మూర్ఖుడు కాదు, దీపం వంక చూసి, దిండు నేల మీద పెట్టి దాని మీద కూర్చుని, "చాలా, ఇంకా తిట్టించుకోనా?" అని పెదవులతో మాత్రం అడిగాడు. చాలని చెయ్యి ఊపాను.

"పాడు కూమా."

ఆమె ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరే చెప్పింది నాకు. మార్చిలో ఆ ఊపిరి బుసలో కలిసిపోయింది, ఇప్పుడు ఊపిరి ఊపిరిలా ఉంది, దానికి మొదలుంది, చివరుంది, చివర్లో చిన్న వణుకుంది. వలలు ఆరేసిన గోడా, నువ్వు చెప్పవే, ముందొచ్చిన పడవ ఎవరిది. కింది స్వరంలో, ఇసుకలో నడిచినట్టు, పాత వింకా ఎప్పుడూ ఇంత కిందికి దిగేది కాదు, దిగే అవసరం ఉండేది కాదు. ఉప్పు పేరుకున్న గుమ్మమా, నువ్వు చెప్పవే, లోపలికొచ్చిన అడుగు ఎవరిది. ఒక ఈగ, తలుపు తీసినప్పుడు స్తమాతిస్ వెంట వచ్చి ఉంటుంది, ఈ ఊరి ఈగ గదిలో ఉంటే ఇంక పాటేమిటి, అది మైకు చుట్టూ ఒక సున్నా చుట్టింది, నా కుడిచెవిలో విమానం, ఆమె పాడుతూనే ఉంది, ఈగ, గుమ్మంలోంచి నాకు కనిపిస్తూనే ఉంది, వచ్చి ఆమె మణికట్టు మీద వాలింది, వాలి అక్కడే ఉంది, ఆమె చెయ్యి కదపలేదు, అది రెక్క కదపలేదు, ఇద్దరూ ఏదో ఒప్పందానికి వచ్చినట్టు. ఈగకు కూడా ఈ లోకంలో దయ అనేది తెలుసు. మూడో చరణం వస్తోంది, అక్కడ పాట పైకెక్కుతుంది, మూడో మెట్టు మీద, క్లబ్బులో గ్లాసులు గలగలమనేది అక్కడే, నా కుడిచెయ్యి దానంతటది నాబ్ వైపు కదిలింది, తగ్గించు, ఫ్యూజు పొడుగ్గా కొయ్యి, తగ్గించు, నేను ఆ చెయ్యి తీసి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను, స్తమాతిస్ చూసి పళ్ళు బయటపెట్టాడు. రానివ్వు. వచ్చేదాన్ని రానివ్వు. దీపమా, దీపమా, రాకపోయిన పడవ పేరు నువ్వైనా చెప్పవే, పసుపు ఎక్కింది, ఇంకా ఎక్కింది, ఎరుపు అంచుదాకా పోయి అక్కడ నిలిచి, నిలిచి, వంగింది, కిందికి దిగింది, ఎర్రదీపం వెలగలేదు. చివరి మాట తర్వాత రాయి. ఉత్త రాయి. దానిలో ఆమె ఊపిరి ఒక్కటి, పడవ ఒడ్డుకి తగిలినట్టు.

ఈగ లేచి వెళ్ళింది.

వింకా బయటికి వచ్చి మేజా దగ్గర నిలబడింది, కూర్చోలేదు, హెడ్‌ఫోన్లు ఇస్తే చెవులకు పెట్టుకోకుండా చేత్తో పట్టుకుని, శవపేటికలోకి చూసేవాళ్ళలా చూసి, తర్వాత పెట్టుకుంది. నేను మొదటి నుంచి వేశాను. పాట మొదలవడానికి ముందు ఐదు క్షణాల ఖాళీ ఉంది, ఆ ఖాళీలో ఆమె కనుబొమలు పైకి లేచాయి.

"ఆ బుస ఏదీ?"

"లేదు."

"ఏం చేశావు దాన్ని?"

"నేనేం చెయ్యలేదు. నీ దగ్గరికి జరిగాను, అంతే."

మొత్తం విన్నది. వింటూ చూపుడువేలితో మేజా మీద తాళం వేసింది, మూడో చరణం దగ్గర వేలు ఆగింది, ఇష్టపడలేదనుకున్నాను, పాత గొంతును వెతుక్కుంటోంది, దొరకలేదు. అయిపోయింది. హెడ్‌ఫోన్లు తీసి మేజా మీద పెట్టింది, వేలితో మెడ మీది మచ్చ ఒకసారి తడిమింది, అక్కడుందో లేదో చూసుకున్నట్టు. స్తమాతిస్ దిండు మీద నుంచి, "అమ్మా వింకా, డానిత్సా పిన్ని ఇవాళే ఊరొదిలి పారిపోవాలి" అన్నాడు, ముసలి గాడిద, కళ్ళు తుడుచుకోవడానికి కళ్ళజోడు దుమ్ము సాకు.

ఆమె వాడి వైపు చూడలేదు. నా వైపు చూస్తోంది, అదే చూపు, గరిటె పట్టుకుని వంటింట్లోంచి బయటికొచ్చేటప్పటి చూపు, ఇరవై ఏళ్ళుగా చూడలేదు దాన్ని.

"మూడో చరణంలో దాచుకున్నాను కూమె. ఇంకా ఉంది లోపల. వస్తుందో రాదోనని దాచుకున్నాను. ఉంది." ఉంది అనే మాట రెండోసారి అన్నప్పుడు నవ్వు వచ్చేసింది ఆమెకి. "టైమెంత?"

గడియారం స్నానాల గదిలో దుప్పట్లో ఉంది. స్తమాతిస్ చేతి గడియారం చూసి, చెయ్యి వెనక్కి పెట్టుకుని, "నా పొయ్యి గట్టు ఎక్కడికీ పోదు. చీకటి పడేదాకా పాడుకోండి" అన్నాడు.

వింకా అప్పటికే సామాను గదిలోకి వెళ్ళిపోయింది. పీట కిర్రుమంది. రాతి అరల మధ్య నుంచి, నిండు జాడీల పక్క నుంచి, నా మంచి చెవిలోకి సూటిగా వచ్చింది ఆమె గొంతు.

"ఆ నాబ్ కాస్త తగ్గించు. ఇప్పుడు పాడతాను."

అప్పటిదాకా తొడ కిందే ఉండిపోయిన కుడిచెయ్యి తీశాను, తిమ్మిరెక్కి ఉంది, అయినా తెల్లగీతను మెల్లగా వెనక్కి తిప్పాను, రెండు నుంచి ఒంటిగంటకి, ఒంటిగంట నుంచి పన్నెండుకి, ఇంకా తగ్గించు అంటోంది ఆమె, ఇంకా.